డ్రైవర్ కేకెయ్యాల్సింది ఎప్పుడు?

కావలి నుంచి ఒక పాఠకుడు: అక్కా, రొయ్యల గుంటల్లో ఆక్సిజన్ కొలిచే పెట్టెకు లైనక్స్ డ్రైవర్ (కంప్యూటర్‌కూ సెన్సర్‌కూ మధ్య మాట నడిపే కోడ్) రాస్తున్నాను. సెన్సర్ బోర్డు ఐటూసీ (చిప్‌లను కలిపే రెండు తీగల బస్సు) మీద ఉంటుంది. డ్రైవర్లో 43 చోట్ల మెసేజ్‌లు పెట్టాను. ఒక్కటి తప్ప అన్నీ డెవ్ ఎర్, అంటే ఎర్రర్ లెవెల్. మా సీనియర్ చూసి ‘ఇదేం గోలయ్యా, తగ్గించు’ అన్నారు. గుంటల మీదికి సర్వీసుకు పోయే కుర్రాళ్లేమో ‘ఒక్కటి కూడా తీయొద్దు, మాకు దారి తెలిసేది వాటితోనే’ అంటున్నారు. ఏ మెసేజ్‌కు ఏ లెవెల్ పెట్టాలో ఎలా తేల్చుకోవాలి? డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) 3 కంటే తగ్గితే మాత్రం డెవ్ ఎమర్జ్, అంటే ఎమర్జెన్సీ లెవెల్, పెట్టాను, అదొక్కటైనా సరైందే కదా?

జవాబు: తమ్ముడూ, నీ చివరి ప్రశ్న నుంచే మొదలుపెడతాను. మిగతా 42 చోట్ల చేసింది చిన్న తప్పు, ఇక్కడ చేసింది పెద్దది.

డీవో 2.8కి పడిందని సెన్సర్ చెప్పిందంటే సెన్సర్ బ్రహ్మాండంగా పనిచేస్తోందన్నమాట. కొలవమన్నావు, కొలిచింది, ఉన్నమాట చెప్పింది. డ్రైవర్‌కు 5.2 ఎంతో 2.8 కూడా అంతే, ఒక అంకె. దానికి ఎమర్జెన్సీ కాదు గదా, ఇన్ఫో మెసేజ్ కూడా దండగ. రొయ్య గురించి కంగారు పడాల్సింది పైనున్న ప్రోగ్రాం. ఏ గుంటలో ఎన్ని రోజుల పంట ఉంది, ఎన్ని ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే మిషన్లు) తిరుగుతున్నాయి, ఎవరికి ఫోన్ కొట్టాలి అన్నది దానికి తెలుసు, నీ డ్రైవర్‌కు తెలీదు. రేపు ఇదే బోర్డును ఏ కాలేజీ ల్యాబ్‌కో అమ్మారనుకో, వాళ్లు సరిచూసుకోవడానికి నీళ్లలోకి నైట్రోజన్ పంపి ఆక్సిజన్‌ను కావాలనే సున్నాకు దించుతారు. నీ డ్రైవర్ అక్కడా ఎమర్జెన్సీ అని అరుస్తుంది. ఆ అరుపు కూడా మామూలుగా ఉండదు. చాలా లైనక్స్ మిషన్లలో ఎమర్జ్ లెవెల్ మెసేజ్, లాగిన్ అయి ఉన్న ప్రతివాళ్ల తెర మీదా పడుతుంది. ఎవరో ఫైల్ ఎడిట్ చేసుకుంటుంటే మధ్యలో నీ రొయ్యల కబురు.

కర్నెల్‌లో (లైనక్స్ గుండెకాయలో) ఎమర్జ్‌ను సరిగ్గా వాడిన చోటు ఒకటి చెబుతాను. చిప్ వేడెక్కి ప్రమాద హద్దు దాటినప్పుడు ఉష్ణోగ్రతను చూసుకునే భాగం ఎమర్జ్‌లో ఒక్క ముక్క చెప్పి మిషన్‌ను ఆపేస్తుంది. ఇక మిషనే ఉండదు కాబట్టి ఆ మాటకు ఆ లెవెల్ తగింది. నీ బోర్డు పాడైతే మిషన్ ఆగుతుందా? ఆగదు. కాబట్టి ఎనిమిది లెవెల్స్‌లో మొదటి మూడూ, అంటే ఎమర్జ్, అలర్ట్, క్రిట్, నీలాంటి డ్రైవర్ రాసేవాడికి దాదాపు అక్కర్లేదు. నీ లోకమంతా ఎర్ (తప్పు), వార్న్ (హెచ్చరిక), ఇన్ఫో (సమాచారం), డీబగ్ (తప్పు వెతికేవాళ్లకు). నాలుగే.

ఇదంతా పుస్తకంలో చూసి చెబుతున్నాననుకోకు. మా నాయనకు విడవలూరు దగ్గర నాలుగు గుంటలున్నాయి. బెంగళూరు ఉద్యోగం మానేసి నెల్లూరు వచ్చిన కొత్తల్లో ఆయన గుంటలకు ఇలాంటి పెట్టె నేనే కట్టాను, డ్రైవర్ కూడా నేనే రాశాను. అచ్చం నీలాగే. ఏది తప్పినా డెవ్ ఎర్. ఎర్ లెవెల్ లైను పడితే గట్టు మీది షెడ్డులో బజర్ మోగేట్టు చేశాను. చాలా తెలివిగా చేశాననుకున్నాను కూడా.

అక్కడ కరెంటు పోయి జనరేటర్ మీదికి మారినప్పుడల్లా ఏరియేటర్ మోటార్లన్నీ ఒక్కసారిగా లేస్తాయి. ఆ దెబ్బకు సెన్సర్ వైరులో ఒక రీడింగ్ చెడుతుంది. డ్రైవర్ మళ్లీ అడుగుతుంది, రెండోసారి సరిగ్గానే వస్తుంది. నష్టమేమీ లేదు. కానీ చెడిన ఆ ఒక్కదానికీ నేను ఎర్రర్ రాయించాను కదా, బజర్ కుయ్యిమనేది. రాత్రికి ఆరేడు సార్లు. కాపలా ఉండే పెద్దాయన మొదటి వారం ప్రతిసారీ టార్చిలైటు వేసుకుని గట్టంతా తిరిగాడు. రెండో వారం ‘ఏందమ్మాయా ఇది, ఊరికే కూస్తా ఉండాది’ అన్నాడు. మూడో వారం బజర్‌కు తువ్వాలు చుట్టాడు. ఆయన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు.

తర్వాత ఒక రాత్రి పందికొక్కు కేబుల్ కొరికేసింది. ఆ రాత్రంతా డ్రైవర్ ఎర్రర్ మీద ఎర్రర్ రాస్తూనే ఉంది. తువ్వాలు కింద బజర్ మోగుతూనే ఉంది. ఇంతకన్నా ఘోరం, తెర మీద మాత్రం 5.2 అని ప్రశాంతంగా కనబడుతోంది. ఎందుకంటే రీడింగ్ రాకపోతే పాత అంకెనే తిరిగి ఇచ్చేట్టు రాశాను. ఎర్రర్ లాగ్‌లో (మెసేజ్‌ల చిట్టాలో) రాశాను కదా, అది చాలనుకున్నాను. రాత్రిపూట ఎండ లేక పాచి ఆక్సిజన్ తయారుచేయదు, రొయ్యా పాచీ కలిసి ఉన్నదాన్ని పీల్చేస్తుంటాయి, అందుకే తెల్లవారేముందు డీవో బాగా కిందికి దిగుతుంది. ఆ వేళకు పెద్దాయన బీడీ ముట్టించుకోవడానికి లేచి, రొయ్య గట్టువారకు చేరడం చూశాడు. ఆగి ఉన్న రెండు ఏరియేటర్లను వేశాడు. పంట దక్కింది. దక్కించింది ఆయన బీడీ తప్ప నా డ్రైవర్ కాదు.

మర్నాడు నాయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

అందుకని లెవెల్ సంగతికి ముందు ఇది చూసుకో: రీడింగ్ రాకపోతే నీ డ్రైవర్ పైకి ఏమిస్తోంది? ఎర్రర్ కోడ్ ఇవ్వాలి. గడువులోగా పని పూర్తికాకపోతే మైనస్ 110, అంటే టైమౌట్. వైరు మీద రాయడమో చదవడమో చెడితే మైనస్ 5. అది పైకి వెళితే పై ప్రోగ్రాం ‘నాకు అంకె లేదు’ అని తెలుసుకుని తెర మీద గీత చూపిస్తుంది, ఫోన్ కొడుతుంది, ఏరియేటర్లన్నీ వేసేస్తుంది, ఏదో ఒకటి చేస్తుంది. లాగ్ అనేది తర్వాత వచ్చి చూసే మనిషి కోసం. ప్రోగ్రాం కోసం రిటర్న్ విలువ ఉంది. నేను చేసినట్టు లాగ్ లైనుకు బజర్ కట్టడం మహా పొరపాటు.

ఇప్పుడు నీ మెసేజ్‌లు. నువ్వు పంపిన కాగితంలోంచి కొన్ని తీసుకుంటాను.

‘రీడ్ ఫెయిల్డ్, రీట్రైయింగ్’. ఇది డీబగ్. మళ్లీ అడిగితే వచ్చింది కాబట్టి ఎవరికీ పని పడలేదు. మూడుసార్లు అడిగినా రాక డ్రైవర్ చేతులెత్తేసిందనుకో, అప్పుడు ఎర్. అదీ ఒక్కసారే. సెకనుకోసారి చదివే సెన్సర్ చచ్చిపోతే సెకనుకో ఎర్రర్ రాయకు. బాగున్నది చెడినప్పుడు ఒక ఎర్, చెడినది మళ్లీ మాట్లాడినప్పుడు ఒక ఇన్ఫో. స్థితి మారినప్పుడే నోరు తెరవాలి. దానికి డ్రైవర్లో ఒక చిన్న బూలియన్ దాచుకుంటే సరిపోతుంది. అంత ఓపిక లేకపోతే రేట్‌లిమిటెడ్ రకం వాడు, మామూలుగా 5 సెకన్లలో 10 మెసేజ్‌లు దాటనివ్వదు, ఎన్ని మింగిందో లెక్క కూడా చెబుతుంది. నా ఓటు మాత్రం స్థితి మార్పుకే.

చదవగలిగాను గానీ నమ్మకం తక్కువ అనే రకం ఉంటుంది చూడు, దానికి వార్న్. బోర్డులో క్యాలిబ్రేషన్ విలువలు చెడిపోయి, ఫ్యాక్టరీ విలువలతో నడిపిస్తున్నావనుకో. పని జరుగుతోంది, కానీ ఎప్పుడో ఒకప్పుడు ఒక మనిషి వచ్చి సరిచేయాలి. నీ కాగితంలో 17వ మెసేజ్ అలాంటిదే. ఒక్కటే అలాంటిది.

డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏమేం ఉన్నాయో చెప్పే పట్టికలో) ఐచ్ఛికమైన గుణం లేదని ఎర్రర్ పెట్టావు. ఐచ్ఛికమని నువ్వే రాసి, లేదని నువ్వే ఏడవడమేంటి? డిఫాల్ట్ తీసుకుని మాట్లాడకుండా పో. కావాలంటే డీబగ్. ఆ గుణం ఉండి, అందులో అర్థంలేని విలువ ఉంటే అది వేరే సంగతి. అప్పుడు ఎర్ పెట్టి, వచ్చిన విలువేంటో కూడా అచ్చు వెయ్యి.

మెమరీ దొరకలేదన్న మెసేజ్‌లు నాలుగు ఉన్నాయి. నాలుగూ తీసేయ్. కేటాయింపు విఫలమైతే కర్నెలే పెద్ద గొంతుతో చెబుతుంది. నువ్వు మైనస్ 12 తిరిగి ఇస్తే చాలు.

‘డ్రైవర్ సక్సెస్‌ఫుల్లీ లోడెడ్’, పక్కన నక్షత్రాలు, మీ కంపెనీ పేరు. ఈ సరదా మా తరానికీ ఉండేది. కర్నెల్ పెద్దల ఆచారం ఒకటే, సరిగ్గా నడుస్తున్న డ్రైవర్ నోరు మెదపకూడదు. బోర్డు మీది ఫర్మ్‌వేర్ వెర్షన్ లాంటిది మాత్రం ఒక ఇన్ఫో లైనుగా ఉంచు, సర్వీసువాళ్లకు నిజంగా పనికొస్తుంది.

బూట్ అయ్యేటప్పుడు ‘రెగ్యులేటర్ దొరకలేదు, మైనస్ 517’ అని మూడుసార్లు వచ్చి, నాలుగోసారికి అంతా బాగుంటోందని రాశావు. ఆ 517 తప్పు కాదు, వాయిదా. కరెంటు ఇచ్చే డ్రైవర్ ఇంకా లేవలేదు, తర్వాత రమ్మని అర్థం. దీనికోసమే 2020లో, 5.9 కర్నెల్‌తో, డెవ్ ఎర్ ప్రోబ్ అనే ఫంక్షన్ వచ్చింది. వాయిదా అయితే డీబగ్‌లో రాసి కారణం గుర్తుపెట్టుకుంటుంది, నిజమైన తప్పయితే ఎర్‌లో రాస్తుంది. ఎర్రర్ కోడ్‌ను కూడా అదే తిరిగి ఇస్తుంది కాబట్టి నాలుగు లైన్లు ఒక లైను అవుతాయి. ఎంతసేపటికీ లేవని డివైస్ ఉంటే డీబగ్‌ఎఫ్ఎస్‌లో డివైసెస్ డిఫర్డ్ అనే ఫైల్లో కారణంతో సహా కనిపిస్తుంది. నీ ప్రోబ్ ఫంక్షన్‌లో (డివైస్‌ను మొదట లేపే కోడ్‌లో) తొమ్మిది చోట్ల ఇదే వెయ్యి.

ఆ 43 కాక రెండు చోట్ల వార్న్ ఆన్ అనే హెచ్చరిక పెట్టావు, తీసేయ్. అది కోడ్‌లో బగ్ ఉందని చెప్పడానికి, హార్డ్‌వేర్ చెడిందని చెప్పడానికి కాదు. హెచ్చరిక రాగానే కర్నెల్ ఆగిపోయేలా అమర్చుకున్న మిషన్లు ఉంటాయి. వదులైన కనెక్టర్‌కు అలాంటి మిషన్ మొత్తం కూలుతుంది.

ఇక మాటల సంగతి. ‘ఫెయిల్డ్’ అని ఒక్క ముక్క రాస్తే ఏ లెవెల్ పెట్టినా ఒకటే. ఏ రిజిస్టర్, ఏ కోడ్, ఎన్నిసార్లు అడిగావు, ఇవి చెప్పు. పీఆర్ ఎర్ (డివైస్ పేరు చెప్పని రకం) కాకుండా డెవ్ ఎర్ వాడావు, సంతోషం. ఏ బస్సు మీద ఏ అడ్రసు బోర్డో అదే ముందు చెబుతుంది. నాలుగు గుంటలున్నచోట అది చాలా పెద్ద సాయం.

సర్వీసు కుర్రాళ్ల భయం న్యాయమైనదే, దాన్ని తోసేయకు. డీబగ్‌లోకి మార్చితే మాయమైపోతాయని వాళ్ల దిగులు. మీ కర్నెల్‌ను డైనమిక్ డీబగ్ ఆప్షన్‌తో కట్టండి. అప్పుడు గట్టు మీద నిలబడి, నడుస్తున్న మిషన్‌లోనే, కంట్రోల్ ఫైలుకు మీ మాడ్యూల్ పేరూ ప్లస్ పీ అని రాస్తే ఆ మాడ్యూల్ డీబగ్ మెసేజ్‌లన్నీ బయటికొస్తాయి. మైనస్ పీ రాస్తే మళ్లీ నిద్రపోతాయి. ఫైలు చొప్పున, లైను చొప్పున కూడా తెరవొచ్చు. ఈ రెండు కమాండ్లు ఒక చీటీ మీద రాసి పెట్టె మూత లోపల అంటించు. ఆ ఆప్షన్ లేకుండా కడితే మాత్రం డెవ్ డీబగ్ లైన్లు కంపైల్‌లోనే పోతాయి, అప్పుడు కుర్రాళ్లు నిన్ను తిట్టినా తప్పులేదు.

మీ సీనియర్ గోల అన్నది కూడా ఊరికే చిరాకుతో కాదు. కర్నెల్ లాగ్ దాచుకునే చోటు చాలా మిషన్లలో 128 కిలోబైట్లే. లైనుకు వంద అక్షరాలనుకుంటే సుమారు 1,300 లైన్లు. సెకనుకో ఎర్రర్ రాస్తే 22 నిమిషాల్లో నిండి, పాతవి తుడుచుకుపోతాయి. అంటే అసలు ఏం జరిగి చెడిందో చెప్పే మొదటి లైనును నీ రెండువేలో లైను చెరిపేస్తుంది. ఇంకోటి, సీరియల్ కన్సోల్, అంటే మెసేజ్‌లు ఒక వైరు మీద బయటికి పోయే దారి. 1,15,200 స్పీడులో సెకనుకు 11,520 అక్షరాలే పోతాయి. 80 అక్షరాల లైనుకు దాదాపు 7 మిల్లీసెకన్లు. 9,600 స్పీడయితే 83. క్వయట్ అని పెట్టి బూట్ చేసినా సరే, ఎర్ లెవెలూ దానికి పైవీ కన్సోల్ మీదికి పోతాయి. బెంగళూరులో ఒకచోట ఇంటరప్ట్ హ్యాండ్లర్లో (చిప్ పిలవగానే పరుగెత్తే కోడ్‌లో) ఒక్క ఎర్రర్ లైను ఉండి, డేటా జారిపోతోందని మూడు వారాలు చిప్‌ను అనుమానించాం. జారిపోయింది ఆ లైను అచ్చయ్యే ఏడు మిల్లీసెకన్లలోనే. లైను తీయగానే చిప్ మంచిదైపోయింది!

అన్నట్టు, నీ ఉత్తరంలో వైరు ఎంత పొడుగో రాయలేదు. ఐటూసీని గట్టు మీంచి నీళ్లలోకి నాలుగైదు మీటర్లు లాగి ఉంటే, మొదటి పని లెవెల్ మార్చడం కాదు. ఆ బస్సు 400 పికోఫారడ్ల దాకానే ఓర్చుకునేట్టు చేసింది, పొడుగు వైరు దాన్ని తినేస్తుంది. బోర్డును నీళ్లలోని సెన్సర్ తల (ప్రోబ్) దగ్గరికి తీసుకెళ్లి, అక్కడి నుంచి ఒడ్డుకు ఆర్ఎస్485 (దూరాలకు పనికొచ్చే వైరు పద్ధతి) లాగండి. మేం కూడా చివరికి అదే చేశాం, పందికొక్కులకు అందకుండా పైపులో వేసి.

ఒంగోలు నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని: మేడమ్, ఇంటర్వ్యూలో నోటీస్‌కూ ఇన్ఫోకూ తేడా అడిగితే చెప్పలేకపోయాను. అసలు ఎనిమిది లెవెల్స్ ఎందుకమ్మా?

జవాబు: లైనక్స్ వాళ్లు పెట్టుకున్నవి కావమ్మా. 1980లలో ఎరిక్ ఆల్మన్ సెండ్‌మెయిల్ అనే ఉత్తరాల ప్రోగ్రాం కోసం సిస్‌లాగ్ చేశాడు, ఆ మెట్లు అక్కడివి. అది నెట్‌వర్క్ ప్రపంచమంతా పాకి, 2009లో ఆర్ఎఫ్‌సీ 5424గా ప్రమాణపత్రం కూడా వచ్చింది. 0 ఎమర్జెన్సీ, 7 డీబగ్. అంకె తగ్గేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది, ఇక్కడే చాలామంది తిరగేసి చెబుతారు. నోటీస్ 5, ఇన్ఫో 6. నోటీస్ అంటే మామూలే గానీ గమనించదగ్గది అని నిర్వచనం. తప్పేం జరగలేదు, కానీ తర్వాత ఎవరైనా వెతుక్కుంటూ వస్తారు అనుకున్న దానికి. ఇంటర్వ్యూలో ఇంతవరకు చెప్పు. నా సొంత అభిప్రాయం అడిగితే, ఆ రెంటి మధ్య గోడ చాలా పలచన, డ్రైవర్లు రాసేవాళ్లం నోటీస్‌ను దాదాపు తాకం. ఇది మాత్రం ఇంటర్వ్యూలో అనకు.

కొత్తపట్నం నుంచి ఒక రైతు: అమ్మా, మా గుంట దగ్గర ఆక్సిజన్ పెట్టె రోజూ మధ్యాహ్నం రెండు గంటలప్పుడు ‘సెన్సర్ వార్నింగ్’ అని ఎర్రలైటు వేస్తుంది. సాయంత్రానికి దానంతటదే పోతుంది. పెట్టినాయన్ని అడిగితే పట్టించుకోవద్దన్నాడు. నిజమేనా?

జవాబు: అన్నా, పట్టించుకోవద్దని చెప్పాల్సిన లైటు అసలు వెలగకూడదు. ఆయన్ని ఇంకోసారి పిలవండి. మీరు చెప్పిన టైమును బట్టి చూస్తే సెన్సర్ మంచిదే కావచ్చు. మధ్యాహ్నం ఎండకు నీళ్లలో పచ్చదనం ఆక్సిజన్‌ను బాగా వదులుతుంది. 30 డిగ్రీల మంచినీళ్లు మామూలుగా గాలి నుంచి పట్టి ఉంచేది లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాములు, ఉప్పునీళ్లలో ఇంకా తక్కువ. పచ్చదనం ఎక్కువైన గుంటలో రెండు గంటలప్పుడు అంతకు మించి పోవడం వింత కాదు. పెట్టెలో పై హద్దును ఏ 8 దగ్గరో పెట్టి, అది దాటితే సెన్సర్ చెడినట్టే అని ఎవరో రాసి ఉంటారు. లైటు వెలిగినప్పుడు తెర మీది అంకె ఎంతో రెండు మూడు రోజులు రాసిపెట్టండి, పక్కన తెల్లవారు నాలుగు గంటల అంకె కూడా. ఆ కాగితం ఆయనకు చూపించి పై హద్దు మార్చమనండి. అంకెలు చూశాక మీ నీళ్ల రంగు గురించి కూడా ఒకసారి మాట్లాడుకోవాల్సి రావచ్చు, మధ్యాహ్నం అంత ఎక్కితే తెల్లవారుజామున అంత దిగుతుంది. ప్రోబ్ తల మీద పాచి పట్టిందేమో, దాని పొర మార్చి ఎన్నాళ్లయిందో కూడా ఈసారి ఉత్తరంలో రాయండి.